ఎర మాట అనుమతి పత్రంలో రాయండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పంటల మీద పడే అడవి పందులను కాల్చడానికి ఇచ్చే ప్రతి అనుమతి పత్రంలోనూ ఒక వాక్యం ఉండి తీరాలని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాం. ఆ వాక్యం ఇది: "ఏ రకమైన ఎరా పెట్టరాదు." పంది గురించి రాస్తున్నట్టు కనిపిస్తుంది గాని మా దిగులంతా దుప్పి గురించే. ఎర పోసిన చోటికి ముందు వచ్చేది చాలాసార్లు దుప్పే.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో రెండో సెక్షన్ 'వేట' అంటే ఏమిటో చెబుతుంది. చంపడం, విషం పెట్టడం మాత్రమే కాదు. పట్టుకోవడం, తరమడం, ఉచ్చు వేయడం, బోను పెట్టడం, తోలడం, ఎర వేయడం కూడా వేటే. ప్రయత్నించినా వేటే. కాబట్టి దుప్పి కోసం చెట్టు కింద ఉప్పుగడ్డ పెట్టినవాడు తుపాకీ ముట్టుకోకపోయినా అప్పటికే నేరం చేశాడు. మంచి నిర్వచనమే. అయితే దీనికి రెండోవైపు కూడా పదునుంది. సెక్షన్ 11(1)(బి) కింద, పంట నాశనం చేస్తున్న షెడ్యూల్ రెండు జంతువును (అడవి పంది ఈ జాబితాలోదే) వేటాడటానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ కాగితంలో 'వేటకు అనుమతి' అని రాసి ఊరుకుంటే, నిర్వచనం ప్రకారం ఎరా, ఉచ్చూ, బోనూ అన్నీ అందులోనే వచ్చాయని కోర్టులో వాదించే వకీలు దొరకకపోడు. పద్ధతి ఏమిటో కాగితమే చెప్పాలి.

ఇంకో సంగతి గుర్తుచేస్తాం. ఈ చట్టం వచ్చిన కొత్తలో లైసెన్సు మీద వేట ఉండేది. అప్పుడు కూడా లైసెన్సున్నవాడు జంతువులు ఉప్పు నాకే చోట, నీటిగుంట దగ్గర, వాటికి వెళ్లే బాట మీద కాల్చకూడదని చట్టంలో రాసి ఉంది. మినహాయింపు కొన్ని పక్షులకే. 1991 సవరణతో లైసెన్సులు పోయాయి, వాటితో పాటే ఆ నిబంధనా పోయింది. వేటకు లైసెన్సులిచ్చిన రోజుల్లోనే తగదనుకున్న పనిని, వేట నిషేధించాక పంట రక్షణ పేరుతో లోపలికి రానివ్వడం ఏం సబబు?

ఎర కావాలనేవాళ్ల మాటను కొట్టిపారేయడం లేదు. మనిషి మంచె మీద ఉంటాడు, జంతువు ముప్పై అడుగుల దూరంలో తలవంచి తింటూ నిలబడుతుంది, వెనక మట్టి తప్ప మరేం ఉండదు. గుండు తగలాల్సిన చోట తగులుతుంది, గాయపడి పారిపోయేవి తగ్గుతాయి. చీకట్లో పొదల్లో కదిలే నీడ మీద కాల్చడం కంటే ఇది నయమే. కాని ఈ లాభాలేవీ ఎర వల్ల వచ్చినవి కావు, మంచె వల్ల వచ్చినవి. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే పది పన్నెండు రోజులూ, వేరుశనగ కాయ ఊరే వేళా పందికి వేరే పిలుపు అక్కర్లేదు. పంటే ఎర. చేను గట్టున పది పన్నెండు అడుగుల ఎత్తున మంచె కట్టి, గుండు కిందికే దిగేలా కూర్చుంటే ఎరతో వచ్చే సౌకర్యమంతా వస్తుంది. పైగా ఆ చేను తిన్న గుంపే వస్తుంది. సెక్షన్ 11 అనుమతి ఇచ్చింది దానికోసమే.

ఎర పోస్తే జరిగేది వేరు. ఆ ఏడాది ఎవరి చేనూ తొక్కని పందుల గుంపు కూడా అడవి లోపలి నుంచి దిగివస్తుంది. దుప్పికి ముక్కూ చెవీ రెండూ చురుకే. కొండముచ్చులు కొమ్మల మీద నుంచి తుంచి పడేసే ఆకుల కోసం కింద చేరడం, ఇప్పపువ్వు రాలే తెల్లవారుజామున చెట్టు కిందికి రావడం దానికి అలవాటు. ఎక్కడ తిండి రాలుతుందో అక్కడికి రోజూ అదే వేళకు వస్తుంది. నాలుగు రోజులు వరసగా గింజలు పోస్తే ఐదో రోజు నుంచి ఆ చోటు దాని దినచర్యలో కలిసిపోతుంది. పంది కోసం అనుమతి తీసుకున్నవాడి ఎదుట రాత్రి పూట టార్చి వెలుగులో దుప్పి నిలబడుతుంది. పంది మాంసం పూడ్చిపెట్టాలి, దుప్పి మాంసం అమ్ముడుపోతుంది. మిగతాది మీకు చెప్పనక్కర్లేదు.

కాల్చకపోయినా నష్టమే. మేక జొన్న రాశి మీద పడితే ఏమవుతుందో పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. నెమరువేసే జంతువు గింజకు అలవాటు లేకుండా ఒక్కసారే ఎక్కువ తింటే పొట్టలో లాక్టిక్ ఆమ్లం పెరిగి, విరేచనాలతో నీరు కోల్పోయి ఒకటి రెండు రోజుల్లో పడిపోతుంది. ఆకూ గడ్డీ తినే దుప్పి పొట్టకూ ఇదే వర్తిస్తుంది.

పందికి ఎరగా వాడే హోటల్ ఎంగిలి, మాంసపు వ్యర్థాలు ఇంకో ముప్పు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మన దేశంలో 2020లో బయటపడింది. మనుషులకు సోకదు గాని పందులకు మందు లేదు. జబ్బు పంది మాంసం ముక్కలున్న ఎంగిలి ద్వారా అది పాకుతుంది. ఎర పేరుతో ఆ ఎంగిలిని అడవి అంచుకు మనమే మోసుకెళ్లి పోస్తున్నామన్నమాట. ఊళ్లో పందులు పెంచుకునే కుటుంబాల సంగతి కూడా ఆలోచించండి.

ఎరను చట్టబద్ధం చేసి చూసిన చోటు అమెరికా. అక్కడ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. టెక్సాస్‌లో దుప్పులకు మొక్కజొన్న పోసి కాల్చడం మామూలు వ్యవహారం, మిన్నెసోటాలో నిషేధం. మనం చూడాల్సింది మిషిగన్‌ను. ఈశాన్య జిల్లాల్లో అడవి దుప్పుల మధ్య పశువుల క్షయ పాతుకుపోయాక, కుప్పలుగా పోసే తిండి దగ్గర మూతి మూతి తగలడమే అందుకు దోహదం చేసిందని అక్కడి అధికారులు తేల్చారు. 2008లో పెంపకపు దుప్పిలో సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు బయటపడితే ఆ రాష్ట్రపు దక్షిణ భాగమైన దిగువ ద్వీపకల్పమంతా ఎర నిషేధించారు. 2011లో సడలించారు. 2015లో అదే జబ్బు అడవి దుప్పిలో కనిపించింది, 2019లో మళ్లీ నిషేధించారు. అనుమతి ఉన్న చోట్ల కూడా ఎర రెండు గాలన్లు, అంటే ఏడున్నర లీటర్లు మించకూడదు, కుప్పపోయకుండా పదడుగుల చదరంలో చల్లాలి అని నిబంధన. అడవిలో ఏడున్నర లీటర్లను ఎవరు కొలుస్తారు? ఒక బీట్ ఆఫీసరు వేల ఎకరాలు తిరిగే మన దగ్గర అలాంటి కొలతల నిబంధన పెట్టడం కంటే పెట్టకపోవడమే మేలు. సీడబ్ల్యూడీ మన దేశంలో నమోదు కాలేదు. కాని గాలికుంటు ఉంది, మేకలకూ గొర్రెలకూ వచ్చే పీపీఆర్ జబ్బు ఉంది, క్షయ ఉంది, వేసవిలో పశువులూ మేకలూ దుప్పులూ ఒకే నీటి దగ్గర చేరడమూ ఉంది. లాలాజలానికి సరిహద్దు రాళ్లు తెలియవు.

ఎర పెట్టలేదని తేల్చడం కష్టమంటారేమో. అంత కష్టం కాదు. కాల్చిన పందికి పంచనామా చేసేటప్పుడు పశువైద్యుడు పొట్ట కోసి చూడాలని షరతు పెట్టండి. పందిది ఒకే గది పొట్ట, తిన్నది కొన్ని గంటల దాకా గుర్తుపట్టేలా ఉంటుంది. తెల్ల గుడ్డ మీద పరిచి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తే చాలు. చేలో మొక్కజొన్న పాల కంకి మీద ఉంటే పొట్టలో నలిగిన పాల గింజ ఉండాలి. ఎండు గింజ దొరికిందంటే అది బస్తాలోంచి వచ్చింది. బెల్లం, ఉడికిన అన్నం, ఎండుచేప దొరికితే ఇక మాటే లేదు. అనుమతి రద్దు చేసి కేసు రాయవచ్చు.

అనుమతి పత్రంలో మిగతా సంగతులూ సూటిగా రాయాలి. చేను సర్వే నంబరు, అనుమతి ముగిసే తేదీ, ఎన్ని పందులు, ఎవరు కాలుస్తారు అన్నవి ఉండాలి. రిజర్వు ఫారెస్టు హద్దు వైపు తుపాకీ తిప్పకూడదు. పన్నెండు బోరు తుపాకీతో ఎల్‌జీ గుళ్లు (పెద్ద రకం ఛర్రాలు) దూరం నుంచి వేస్తే పందిని చంపవు, గాయపరుస్తాయి. గాయపడిన పంది మర్నాడు కట్టెలకు వెళ్లిన మనిషి మీద పడుతుంది. కాబట్టి మంచె దగ్గరి దూరానికే కాల్పులు పరిమితం చేయాలి. చచ్చినదాన్ని సున్నం చల్లి లోతుగా పూడ్చాలి, గుంట నింపేదాకా బీట్ ఆఫీసరు అక్కడే ఉండాలి. పేలుడు మందు చుట్టిన ఉండల గురించి వేరే చెప్పాలా? కేరళలో 2020 మే నెలలో నోరు పేలిన ఏనుగు వెల్లియార్ నదిలో నిలబడే ప్రాణం విడిచింది. మన దగ్గర అలాంటి ఉండ కొరికి దవడ పోగొట్టుకునేది ఆవు, కుక్క. దాన్ని ఎర అనడానికి కూడా మనసొప్పదు.

ఇప్పుడు చేదు మాట. అడవిలో అన్నిటికంటే పెద్ద ఎర మీ శాఖే పెడుతోంది. వేసవిలో అమ్రాబాద్, కవ్వాల్ వంటి పులుల అభయారణ్యాల్లో ట్యాంకరుతో నింపే సాసర్ పిట్లూ (జంతువులు తాగడానికి కట్టే లోతు తక్కువ నీటి తొట్లు), వాటి పక్కన పెట్టే ఉప్పుగడ్డలూ అవే. అవి అవసరం, కాదనడం లేదు. వాగులు ఎండిన ఏప్రిల్, మే నెలల్లో అవి లేకపోతే దుప్పులు ఊళ్లలోకి వస్తాయి. కాని చుట్టుపక్కల ఎక్కడా నీళ్లు లేనప్పుడు మిగిలే ఒక్క పిట్టు దగ్గర దుప్పులు ఏ వేళకు ఏ బాటన వస్తాయో వేటగాడికి ముందే తెలుస్తుంది. బాట పక్క పొదలో క్లచ్ వైరు ఉచ్చు బిగిస్తాడు, లేదా నీళ్లలో యూరియా కలుపుతాడు.

అందుకే పిట్టు కట్టే పద్ధతి మారాలి. ఒక్కచోట పెద్దది కట్టే బదులు చిన్నవి రెండు మూడు, ఒకదానికొకటి కనిపించనంత దూరంలో కట్టాలి. లోపలి వాలు కూన జారిపోకుండా నిదానంగా ఉండాలి. చుట్టూ పాతిక ముప్పై అడుగులు పొదలు కొట్టేయాలి. చిరుత మాటువేసే చోటే మనిషీ మాటువేస్తాడు. బండి దారి పక్కన కట్టకూడదు. ట్యాంకరుకు సులువని దారి పక్కన కడుతున్నారు, మోటారు సైకిలుకూ అదే సులువు. ఉప్పును నీటి పక్కన పెట్టకండి. రెండూ ఒకేచోట ఉంటే జంతువు ఎక్కువసేపు నిలబడుతుంది, వేటగాడికి కావాల్సింది అదే. కెమెరాను నీటి వైపు తిప్పితే దుప్పుల అందమైన ఫొటోలు వస్తాయి, బాట వైపు తిప్పితే మనుషులు దొరుకుతారు. బేస్ క్యాంపు వాచర్లు వారానికోసారి కాక ట్యాంకరు వచ్చిన మర్నాడే పిట్టు చుట్టూ రెండు వందల గజాల వలయం నడిచి ఉచ్చులు వెతకాలి. వేటగాడికి ట్యాంకరు వచ్చే రోజు మనకంటే బాగా తెలుసు. ఇంకొకటి, సిబ్బంది దుప్పుల ఫొటోలు బీటు పేరుతో సహా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ఆపించండి.

పిట్టు దగ్గర గాయం లేకుండా, పొట్ట ఉబ్బి, మూతి నిండా నురగతో దుప్పి పడి ఉంటే ప్రతి రేంజిలో ఉండాల్సిన వస్తువు ఒకటే, పీహెచ్ కాగితం. చచ్చి ఎక్కువసేపు కాకముందే పొట్టలోని రసానికి తాకించాలి. మామూలుగా ఆరు, ఏడు మధ్య ఉంటుంది. ఎనిమిది దగ్గరికి ఎక్కితే యూరియాను అనుమానించాలి. పొట్టలోని సూక్ష్మజీవులు యూరియాను అమ్మోనియాగా మార్చడం వల్ల అలా ఎక్కుతుంది. ఐదుకు పడిపోతే అది గింజల ఎర పని. గంటలు గడిచే కొద్దీ కుళ్లు వల్ల అంకె నమ్మదగ్గది కాకుండా పోతుంది. అందుకే పొట్ట రసం, పిట్టులోని నీళ్లు వేర్వేరు సీసాల్లో సీలు చేసి మంచు పెట్టెలో ల్యాబుకు పంపాలి. రెండు రోజుల తర్వాత ఎండలో తీసిన నమూనాతో కేసు నిలవదు. నీళ్లు మాత్రం పూర్తిగా తోడించి, గచ్చు కడిగి, పల్లం వైపో వాగు వైపో పారకుండా గుంట తీసి ఇంకించాలి. పక్క పిట్టునూ వెంటనే చూడాలి, ఒక్కదాంతో ఆపరు.

జంతువులను చంపడానికి దొంగతనంగా లాగే కరెంటు తీగల సంగతి ఈ లేఖలో ఇమడదు. ఒక్క మాట మాత్రం చెబుతాం. తీగకు జంతువో మనిషో తగిలిన రాత్రి సబ్‌స్టేషన్‌లో ఫీడరు (ఊళ్లకు కరెంటు పంపే లైను) ట్రిప్ అయి దానంతటదే ఆగిపోవచ్చు, అలా ఆగిన వేళ అక్కడి లాగ్‌బుక్కులో ఉంటుంది. అడవి పక్క ఫీడర్ల రాత్రి ట్రిప్పులు తెల్లవారేలోగా రేంజరు ఫోనుకు చేరేలా విద్యుత్ శాఖతో ఒక ఏర్పాటు చేయించండి.

నారాయణపేట రైతులు కృష్ణజింకల గురించి అడుగుతున్న మాట వేరు. కృష్ణజింక ఎక్కువ రక్షణ ఉన్న షెడ్యూల్ ఒకటిలో ఉంది, పంట నష్టం పేరుతో దాన్ని కాల్చడానికి సెక్షన్ 11(1)(బి) ఒప్పుకోదు. వాళ్లకు కావాల్సింది పట్టి తరలించడం, సకాలంలో పరిహారం. పంటకు వచ్చే పరిహారం ఆలస్యమైన ప్రతిచోటా ఎర బస్తా విప్పడానికి ఒకడు సిద్ధంగా ఉంటాడని కూడా మీ దృష్టికి తెస్తున్నాం.

వానాకాలం మొక్కజొన్న పాలు పట్టే ముందు అనుమతి పత్రం నమూనా మార్చి అన్ని డివిజన్లకూ పంపండి. పిట్ల సంగతి ఫిబ్రవరిలోపు చూడండి. మార్చి మొదలైతే ట్యాంకర్లు తిరగడం మొదలవుతుంది, కొత్త చోటు వెతకడానికి అప్పుడు ఎవరికీ తీరిక ఉండదు.

ఇట్లు,
అడవి అంచు పల్లెల రైతులు, పశువైద్యులు, పదవీ విరమణ చేసిన బీట్ సిబ్బంది