పొదుపు సంఘాల రాత్రి బడి: నాలుగు నెలల జమా ఖర్చులు

పాసుబుక్కు చదవడం, వడ్డీ లెక్క వేయడం, తీర్మానం రాయడం నేర్పేందుకు మా గ్రామ సంఘం నడిపిన రాత్రి బడి లెక్క ఇది. రాత్రి బడి అనగానే కొందరు 1992 నాటి దూబగుంట సారా పోరాటాన్ని గుర్తుచేశారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో చదువుకుంటూనే సారా దుకాణం మూయించారు. మాది అంత పెద్ద పని కాదు, పాసుబుక్కు దాటలేదు. బిల్లులు, ఓచర్లు సంఘం గదిలో ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

జమ: 14 సంఘాలు తలా వెయ్యి చొప్పున 14,000, ఊళ్లో చందాలు 11,350. మొత్తం 25,350 రూపాయలు.

ఖర్చు: పాఠం చెప్పినామెకు నెలకు 3,000 చొప్పున 12,000. 32 మందికి రెండేసి నోటుపుస్తకాలు, ఒక్కోటి 45, మొత్తం 2,880. లెడ్జరు నమూనా పేజీల జిరాక్సులు 1,120. చాపలు, బల్బులు, వైరు 1,960. టీ, బిస్కెట్లు 2,430. కాలిక్యులేటర్లు 8, ఒక్కోటి 180, అంటే 1,440. కళ్లద్దాలు 11 జతలు, 150 చొప్పున 1,650. మొత్తం 23,480. నిల్వ 1,870: బ్యాంకులో 1,800, చేతిలో 70.

కళ్లద్దాలు చందా అడిగినప్పుడు చెప్పని పద్దు. నలభై దాటినవాళ్లు "మాకు అక్షరాలు పట్టుబడవు" అని రెండో వారమే మానేయబోయారు. బోర్డు మీద రాస్తే చదివేస్తున్నారు, పాసుబుక్కులో అంకె మాత్రం కనిపించట్లేదు. అడ్డొచ్చింది చత్వారం. కాలిక్యులేటర్లు మాత్రం మా తొందరపాటే. ఒక సున్నా ఎక్కువ నొక్కినా తప్పని పట్టుకోలేకపోయారు. నోటిలెక్క వచ్చాక ఇవ్వాల్సింది.

వడ్డీ పాఠానికే 9 రాత్రులు పట్టింది. 50,000 అప్పు, 20 నెలలు, నూటికి రూపాయి వడ్డీ అనుకోండి. నెలకు 2,500 అసలు కడుతూ, మిగిలిన అసలు మీదే వడ్డీ వేస్తే మొదటి నెల 500, రెండో నెల 475, ఆఖరి నెల 25. మొత్తం 5,250. అదే ప్రతి నెలా మొదటి 50,000 మీదే వేస్తే 10,000. రెండింటినీ "రూపాయి వడ్డీ" అనే అంటారు! తేడా 4,750. ఇది తెలియకపోతే లీడరు చదివిన లెక్కకు తలూపడమే మిగులుతుంది. లీడర్లను మార్చాలని తీర్మానం రాసుకున్నా పాతవాళ్లే ఉండిపోయేది కూడా ఇందుకే, పుస్తకాలు తెలిసింది వాళ్లొక్కరికే. ఇప్పుడు 3 సంఘాల్లో మారారు. బ్యాంకులో సంతకాలు మార్పించేటప్పుడు తీర్మానం నకలు, కొత్తవాళ్ల ఆధార్, ఫొటోలు పట్టుకెళ్లండి. పాత లీడర్లనూ వెంటబెట్టుకెళ్తే మళ్లీ మళ్లీ తిరగక్కర్లేదు.

టీ సామాన్లలో 360 రూపాయలకు బిల్లు దొరకలేదు. దాన్ని ఖర్చులో రాయలేదు, తెచ్చినవాళ్లే భరించారు. నిల్వ 1,870ని ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టిన ఇద్దరి పుస్తకాలకు ఇవ్వాలనుకుంటున్నాం. అభ్యంతరం ఉంటే వచ్చే నెల మీటింగులో చెప్పండి.