చిన్నీకి, అమ్మ రాస్తున్నది

చిన్నీ,

నీ గొంతు విని పద్దెనిమిది రోజులైంది. మెసేజ్ పెడితే చూసినట్టు తెలుస్తుంది, కాసేపటికి ఒక బొటనవేలు బొమ్మ వస్తుంది, అంతే. ఆదివారం సీతత్తయ్య వచ్చి వెళ్ళింది. ఆవిడేదో అంది, అది సరే. కందిపొడి, ఉసిరికాయ పచ్చడి కొరియర్‌లో వేశాం. నాన్నగారు మూతలకి మూడు చుట్లు టేపు వేశారు, కత్తితో కోసేటప్పుడు చెయ్యి జాగ్రత్త. పచ్చడిలో తడి గరిటె పెట్టకు.

నువ్వు రోజూ వెళ్ళే లైబ్రరీకి హంసా మెహతా పేరు పెట్టారు కదా, ఆవిడ గురించి నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పాను, రాజ్యాంగ సభ పాఠం వస్తే ఆవిడ కథ చెప్పకుండా పుస్తకం మూసేదాన్ని కాదు. 1897లో సూరత్‌లో పుట్టింది. ఇంగ్లండులో చదువుకునేటప్పుడు సరోజినీ నాయుడు పరిచయమైంది. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి భారత స్త్రీల తరఫున జాతీయ పతాకాన్ని సభకి అందించాల్సింది ఆ సరోజినీ నాయుడే, ఆవిడ రాలేకపోతే హంసా మెహతా అందించింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో కూడా కూర్చుంది. అక్కడ మానవ హక్కుల ప్రకటన ముసాయిదాలో 'ఆల్ మెన్' స్వేచ్ఛగా, సమానంగా పుట్టారని రాశారు. 'మెన్' అంటే అందరూ వస్తారులే అని ఆ కమిషన్ అధ్యక్షురాలు ఎలినార్ రూజ్‌వెల్ట్ అంతటావిడే అనుకుంటే, ఈవిడ ఒప్పుకోలేదు, ఆ మాట పట్టుకుని కొన్ని దేశాలు ఆడవాళ్ళని పక్కన పెడతాయని వాదించింది. 1948లో వచ్చిన ప్రకటన మొదటి అధికరణం చూడు, 'ఆల్ హ్యూమన్ బీయింగ్స్' అని ఉంటుంది. ఒక్క మాట కోసం అంత పట్టు పట్టింది. నువ్వేమో ఒక్క మాట చెప్పడానికి ఫోన్ కూడా ఎత్తవు.

1949లో మీ బరోడా యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్ అయింది. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి చదివే యూనివర్సిటీని ఒక స్త్రీ నడపడం మన దేశంలో అదే మొదలు. నువ్వు పిహెచ్‌డి చేస్తున్న ఫ్యాకల్టీ హోం సైన్స్ పేరుతో ఆవిడ హయాంలోనే వచ్చింది. అందుకే చెప్తున్నా, ఏమున్నా సరే థీసిస్ మధ్యలో వదలకూడదు. ఇంట్లో ఏ గొడవ వచ్చినా, ఎవరేమన్నా, ముందు అది పూర్తి చెయ్యి. రాత్రి రెండింటిదాకా కూర్చోకు, పొద్దున్నే లేచి రాసుకో.

ఇంకోటి. హంసా మెహతాది నాగర్ బ్రాహ్మణ కుటుంబం, తండ్రి మనుభాయ్ మెహతా బరోడా దివాన్‌గా చేసినాయన. ఆవిడ చేసుకున్న డాక్టర్ జీవరాజ్ మెహతా వైశ్యుడు. కులంవాళ్ళు చాలా అభ్యంతరం పెట్టారు, అయినా ఆ పెళ్ళి జరిగింది. ఆయనే 1960లో గుజరాత్ తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. ఇది ఎందుకు రాస్తున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది. సీతత్తయ్య చెప్పింది నిజమో కాదో నేను అడగను. కానీ ఆ అబ్బాయి ఎవరో, ఏం చేస్తాడో, నీతో మర్యాదగా ఉంటాడో లేదో నీ నోటితో వినాలి గానీ పెళ్ళి భోజనాల దగ్గర ఎవరో చెప్తే వినకూడదు తల్లీ. అదొక్కటే నాకు కష్టంగా ఉంది. నాలుగు రోజులుగా ముద్ద దిగట్లేదు.

నాన్నగారికి ఇంకా చెప్పలేదు. ఆయనకి బీపీ మాత్ర మార్చారు, ఇప్పుడు బాగానే ఉంది.

పార్సెల్ బుధవారానికి చేరుతుందన్నారు. చేరగానే మెసేజ్ పెట్టకు, ఫోన్ చెయ్యి. ఆయన తొమ్మిదిన్నరకి పడుకుంటారు. ఆయన ఉండగా మాట్లాడలేననుకుంటే పది దాటాక చెయ్యి, నేను మేలుకునే ఉంటాను.

అమ్మ