తప్పొప్పుల చీటీ పెట్టం, కొత్త పుస్తకమే పంపుతాం

మా దగ్గర తాయ్ చీ (నిదానమైన కదలికలతో చేసే చైనా యుద్ధవిద్య) గురువు యాంగ్ చెంగ్‌ఫు పుస్తకం కొన్నవాళ్లంతా ఒక్కసారి 44వ పేజీ తీయండి. ‘ఒంటి కొరడా’ అనే భంగిమ బొమ్మలో వేళ్ల కొసలన్నీ కలిపి కొక్కెంలా కిందికి వంచిన చెయ్యి ఏది? బొమ్మలోని మనిషికి అది ఎడమ చెయ్యిగా కనిపిస్తోంది. కుడి చెయ్యి కావాలి. ముందుకు తోసే అరచెయ్యి ఎడమది, ముందున్న కాలూ ఎడమదే. అంటే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడింది. అనుమానం ఉంటే గుండీలు చూడండి. చైనావాళ్ల పాతకాలపు పొడుగు అంగీ, తొడుక్కున్నవాళ్ల కుడి పక్కకి ముడిపడుతుంది. ఈ పేజీలో ఎడమ పక్కకి పోయింది.

ఒకటీ అరా కాపీలు కాదు, వేసిన 500 కాపీలూ ఇంతే. అందులో 212 మీ ఇళ్లకి చేరాయి.

మేం సంతకం పెట్టిన ప్రూఫుల్లో బొమ్మలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ కట్ట ఇప్పటికీ మా బల్ల మీదే ఉంది. ప్రూఫు ఖాయమయ్యాక, పేజీలు కట్టేటప్పుడు, మనిషి మొహం పుస్తకం మధ్యకి తిరిగి ఉంటే అందంగా ఉంటుందని ప్రెస్‌లో ఎవరికో తోచింది. ఎడమ పేజీలన్నీ ఒకేసారి పట్టి తిప్పేశారు. మొత్తం 85 బొమ్మల్లో ఎడమ పేజీల 42 తిరగబడ్డాయి, కుడి పేజీల 43 బతికిపోయాయి. అడిగితే వచ్చిన జవాబు: “రెండు వైపులా చేసేవాళ్లూ ఉంటారట కదండీ, ఏమైంది?”

ఉంటారు. 85 భంగిమలనీ తిప్పి చేస్తే అదొక సాధన. ఒకటి తిప్పి ఒకటి వదిలేస్తే అడుగే పడదు. 46వ పేజీలో ‘తెల్ల కొంగ రెక్కలు’ చూడండి. అసలైతే బరువు కుడి కాలి మీద ఉండి, ఎడమ కాలి మునివేళ్లు మాత్రం నేలని తాకుతాయి. అప్పుడే తర్వాతి ‘మోకాలు తుడుపు’కి ఎడమ కాలు ఊరికే లేచి ముందుకొస్తుంది. మా పుస్తకంలో బరువు ఎడమ కాలి మీదికి పోయింది. 47వ పేజీ మాత్రం అదే ఎడమ కాలు ముందుకు వెయ్యమంటోంది! పుస్తకంలో ఉంది కదా అని బరువున్న పాదాన్నే నేల మీద తిప్పితే, ఆ మెలిక పోయి మోకాలి కీలులో పడుతుంది. అందుకే 41 నుంచి 125 వరకు ఉన్న పేజీలు చూసి సాధన చెయ్యకండి. మొదటి 40 పేజీల జీవిత కథలో తప్పు లేదు, చదువుకోవచ్చు.

తప్పొప్పుల చీటీ ఒకటి అంటించి ఊరుకోమని చాలామంది చెప్పారు. ఖర్చు చూస్తే వాళ్ల మాటే సబబు. పది రోజులు అటూ ఇటూ ఊగాం. “ఈ 42 బొమ్మల్లో కుడిని ఎడమగా చదువుకోగలరు” అని చీటీ రాశాం కూడా. రాశాక సిగ్గేసింది. పక్కన వాక్యం రాసి తిరగబడ్డ బొమ్మని సరిచెయ్యలేం. సాధన చేసేవాడి కన్ను బొమ్మనే నమ్ముతుంది.

పైగా ఈ మనిషి విషయంలో బొమ్మే ముఖ్యం. చెన్ ఊళ్లో నేర్చిన విద్యని బీజింగ్‌కి తెచ్చిన యాంగ్ లూచాన్ (1799–1872) మనవడు యాంగ్ చెంగ్‌ఫు (1883–1936). గెంతులూ విసురు తన్నులూ తగ్గించి, మొదటి నుంచి చివరిదాకా ఒకే నిదానంతో, పెద్దగా విచ్చుకునే భంగిమలుగా మలిచి, అడిగినవాళ్లకల్లా నేర్పాడు. ఆయన పేరుతో నిలిచిన పది సూత్రాలు నోటితో చెబితే శిష్యుడు చెన్ వేమింగ్ రాసుకున్నవి. ఆయన పేరుతో 1934లో వచ్చిన పుస్తకం వెనక మరో శిష్యుడు జెంగ్ మాన్‌చింగ్ చెయ్యి ఉంది. ఆ జెంగే తర్వాత భంగిమలని 37కి కుదించి న్యూయార్క్‌లో నేర్పాడు. 1956లో చైనా క్రీడాశాఖ కూర్చిన 24 భంగిమల వరస కూడా యాంగ్ పద్ధతి నుంచి వచ్చిందే. రాతలో ఇతరుల చెయ్యి ఉంది. ఆ పుస్తకం ఫొటోల్లో ఉన్నది మాత్రం చెంగ్‌ఫు దేహమే. మా బొమ్మలు వాటిని చూసి గీయించినవి. వాటినే తిప్పేస్తే ఇక ఆయన పుస్తకం అని ఎలా అమ్మడం?

(భంగిమలు 85 ఏమిటి, 108 కదా అని అడిగినవాళ్లకి: లెక్కపెట్టే తీరు వేరు, వరస ఒకటే.)

కొత్త ముద్రణ మూడు వారాల్లో వస్తుంది. పాతది వెనక్కి పంపక్కర్లేదు, 44వ పేజీ ఫొటో తీసి మా నంబరుకి పంపితే చాలు. కొరియర్ ఖర్చు మాదే, ధర పెంచడం లేదు. ఈసారి ప్రతి బొమ్మ కిందా బరువు ఏ కాలి మీదో, ఏ దిక్కుకి తిరగాలో వేయిస్తున్నాం. విల్లు నిలకడకి (ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి నిలబడేదానికి) ముందు కాలి మీద నూటికి దాదాపు 70 వంతుల బరువు, వెనక పాదం 45 డిగ్రీలు బయటికి, ముందు మోకాలు కాలివేళ్లు దాటకూడదు. మొదటిసారే వెయ్యాల్సింది, ఆ మాట ఒప్పుకుంటాం.

ప్రెస్ మార్చాం. ప్లేటు మిషన్ ఎక్కే ముందు, కొక్కెం ఏ చేతికుందో మేమే వెళ్లి చూస్తాం.