ఎల్, ఆర్ అక్షరాలు కత్తిరించింది మేమే

మా దగ్గర బ్రెయిన్ స్కాన్ బొమ్మలు చేయించుకుంటున్న డాక్టర్లకు, పీజీ విద్యార్థులకు, రీసెర్చి చేసేవాళ్లకు నమస్కారం.

పోయిన నెలలో మా వల్ల ఒక అమ్మాయి థీసిస్ పదిహేను రోజులు ఆలస్యమైంది. ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పడి మీదాకా వచ్చేలోపు నేనే చెప్పేస్తే నయమనిపించింది.

ఆమెది ఫంక్షనల్ ఎంఆర్‌ఐ పని. మెషీన్‌లో పడుకున్న మనిషి కుడి చేతి వేళ్లు కదిపినప్పుడు మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూడాలి. కుడి చెయ్యి కదిపితే మెదడు ఎడమ సగంలో కదలికల్ని నడిపే భాగం, అంటే మోటార్ కార్టెక్స్, వెలగాలని మీకు నేను చెప్పక్కర్లేదు. మేం చేసిచ్చిన బొమ్మలో పైన స్లైసులు (మెదడుని అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మలు), కింద త్రీడీ మెదడు. వాళ్ల గైడ్ అది చూసి ఒక్క మాటే అడిగారట: "కుడి చెయ్యి కదిపితే కుడివైపు వెలిగిందేంటమ్మా?"

ఆమె లెక్కల్లో ఏ తప్పూ లేదు. తప్పంతా మా బల్ల మీదే జరిగింది.

స్లైసులు ఎఫ్ఎస్ఎల్‌ఐస్ అనే స్కాన్లు చూపించే సాఫ్ట్‌వేర్‌లో తీశాం. సెట్టింగ్ మార్చకపోతే అది రేడియాలజీ పద్ధతిలో చూపిస్తుంది. అంటే మంచం కాళ్ల దగ్గర నిలబడి పేషెంట్‌ని చూస్తున్నట్టు, ఆయన కుడి పక్క మన ఎడమ చేతివైపు వస్తుంది. త్రీడీ బొమ్మ ఎంఆర్‌ఐక్రోజీఎల్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తీశాం. అందులో పై నుంచి చూస్తే ఎడమ ఎడమకే ఉంటుంది. ఏ పద్ధతీ తప్పు కాదు. ఏ పక్క ఏదో చెప్పే గుర్తులు (ఎడమకి ఎల్, కుడికి ఆర్) రెండు సాఫ్ట్‌వేర్లూ తెర మీద చూపిస్తాయి కూడా. బొమ్మ నీటుగా ఉంటుందని మా కుర్రాడు ఆ గుర్తులు క్రాప్ చేసేశాడు. అలా చెయ్యమని నేర్పింది నేనే, వాణ్ని అని లాభం లేదు. తీరా పక్కపక్కన పెట్టేసరికి వెలుగు పైన ఒకవైపు, కింద ఇంకోవైపు కనిపించింది. కంగారుపడి త్రీడీ బొమ్మని ఫోటోషాప్‌లో అడ్డంగా తిప్పేశాడు. వెలుగు రెండింట్లోనూ చూసేవాళ్ల కుడివైపే వచ్చి కలిసింది, నేను ఒక చూపు చూసి పంపేశాను.

అలా తిప్పితే వచ్చేది అద్దంలో బొమ్మ. మెదడు రెండు సగాలూ ఒకేలా ఉంటాయనుకుంటాం గానీ, చాలామందిలో కుడి సగం ముందువైపు, ఎడమ సగం వెనకవైపు కాస్త పొడుచుకొస్తాయి. మడతలు కూడా అచ్చంగా ఒకదానికొకటి సరిపోవు. తిప్పేసిన ఆ మెదడు ఈ లోకంలో ఎవరిదీ కాదు!

ఆ అమ్మాయికి డబ్బు వాపసు ఇచ్చాం, బొమ్మలు మళ్లీ చేశాం. ఆమె పడ్డ టెన్షన్‌కి మాత్రం మా దగ్గర వాపసు లేదు. తర్వాత రెండేళ్ల పాత పనులన్నీ తిరగేశాం. తిప్పిన బొమ్మ ఇంకెక్కడా దొరకలేదు గానీ, అక్షరాలు లేనివి తొమ్మిది ఉన్నాయి. ఆ తొమ్మిది మందికీ ఫోన్ చేశాను. మీ దగ్గర మా పాత బొమ్మలుంటే మీరూ ఒకసారి చూసుకోండి. ఎల్, ఆర్ కనిపించకపోతే పంపండి, ఉచితంగా చేసిస్తాం.

ఇకనుంచి ప్రతి బొమ్మ మీదా ఆ అక్షరాలు ఉంటాయి. అందం చెడిందని ఎవరైనా అన్నా తీయం. ఫోటోషాప్‌లో రంగు, సైజు తప్ప దేన్నీ ముట్టుకోం. స్కాన్లని పాత హెచ్‌డీఆర్, ఐఎంజీ జంట ఫైళ్లుగా తెచ్చేవాళ్లకు ఒక మనవి: అనలైజ్ అనే ఆ పాత ఫైల్ ఫార్మాట్‌లో ఏది ఎడమో నమ్మకంగా తెలుసుకునే దారి లేదు. ఆ ఇబ్బంది తీర్చడానికే నిఫ్టీ అనే ఫైల్ ఫార్మాట్ వచ్చింది. స్కాన్ మెషీన్ నుంచి వచ్చిన అసలు డైకామ్ ఫైళ్లుంటే అవే ఇవ్వండి. కొత్తగా స్కాన్లు మొదలుపెడుతున్నవాళ్లు కుడి కణత దగ్గర ఒక విటమిన్ ఇ గోళీ టేపుతో అంటించండి. స్కాన్‌లో తెల్లటి చుక్కలా మెరుస్తుంది, ఇక ఎవరూ వాదించలేరు.

రంగుల గురించి కూడా. ఇంద్రధనస్సులా ఉండే జెట్ రంగులు అడిగితే ఇకమీదట ఒకసారి వద్దని చెప్తాం. అంకెల్లో తేడా నెమ్మదిగా పెరుగుతున్నా, పసుపు వచ్చిన చోట అక్కడేదో గీత ఉన్నట్టు కంటికి అనిపిస్తుంది. గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా 2017లో 2.0 వెర్షన్‌తో జెట్‌ని డీఫాల్ట్‌గా తీసేసి విరిడిస్ అనే వేరే రంగుల వరస పెట్టారు. అయినా జెట్టే కావాలంటే మీ ఇష్టం, పక్కన అంకెలతో కలర్ బార్ మాత్రం ఉంటుంది.

"ఎఫ్ఎస్ఎల్‌లో అనాలిసిస్ కూడా చేసిపెట్టొచ్చుగా" అని చాలామంది అడుగుతున్నారు. చెయ్యం. ఎఫ్ఎస్ఎల్ అనే ఆ స్కాన్ లెక్కల సాఫ్ట్‌వేర్ చదువుకు, పరిశోధనకు ఉచితం, వ్యాపారానికైతే లైసెన్సు కొనాలి. మాది వ్యాపారం. బొమ్మలు చూపించే ఎఫ్ఎస్ఎల్‌ఐస్ లైసెన్సు వేరు, వ్యాపారానికీ వాడుకోనిచ్చే అపాచీ లైసెన్సు, కాబట్టి అంతవరకే వాడుతున్నాం.

ముఖాల సంగతి. తల స్కాన్‌ని త్రీడీలో తిప్పితే ముక్కూ మొహం తెలిసిపోతాయి. 2019లో మేయో క్లినిక్ వాళ్లు ఫేస్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్‌తో 84 మందిలో 70 మందిని వాళ్ల ఫోటోలతో సరిగ్గా జతపరిచారు. అందుకే మీ ఫైల్ రాగానే ముందు ముఖం తీసేసి, ఆ తర్వాతే పని మొదలుపెడతాం. పేరు తీసేసి పంపడం మాత్రం మీ వంతు.

ప్రతి బొమ్మనీ ఇప్పుడు రెండో మనిషి చూస్తున్నాడు కాబట్టి వచ్చే నెల నుంచి 800 రూపాయల బొమ్మ 900 అవుతుంది. ఇప్పటికే ఇచ్చిన పనులకు పాత రేటే. ఆపరేషన్ ప్లానింగ్‌కి మాత్రం మా బొమ్మలు వాడకండి, ఇవి థీసిస్‌కి, పేపర్‌కి, క్లాసుకే.

పని పంపేటప్పుడు పేషెంట్‌ది ఏ చేతివాటం, ఏ చెయ్యి కదిపారు అన్నది ఒక చీటీ మీద రాసి పెట్టండి. అన్నట్టు, మీ సీడీలు పదకొండు మా బీరువాలో ఉండిపోయాయి. ఆదివారం తప్ప ఎప్పుడొచ్చినా తీసుకెళ్లొచ్చు.