షిఫ్టు వేళలకు విడిగా ఒక పట్టిక ఉండాలి

సంపాదకులకు,

మూడు షిఫ్టులు నడిచే చిన్న ఫ్యాక్టరీలు, నర్సింగ్ హోములు చాలావాటిలో మస్టరు (హాజరు పట్టీ), ఓటీ (అదనపు పనిగంటల) లెక్కలు ఇంకా ఎక్సెల్‌లోనే సాగుతున్నాయి. అందులో తప్పేమీ లేదు. షిఫ్టు వేళలను ఎక్కడికక్కడ ఫార్ములాల్లో ఇరికించడమే తప్పు. వాటికి వేరే షీటు పెట్టి ఒక్కో షిఫ్టును గుర్తించే కోడు, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, జీతం లేని విరామం, చెల్లించాల్సిన గంటలు, అమలు తేదీ రాసుకోవాలి. వీక్లీ ఆఫ్‌కు, సెలవుకు వేర్వేరు కోడ్లుండాలి.

హాజరు షీటులో కోడు మాత్రమే వేసి, గంటలను వీలుకప్‌తో (కోడును పట్టికలో వెతికి దాని ఎదుటి విలువ తెచ్చే VLOOKUP ఫార్ములా) తెచ్చుకోవాలి. ఫార్ములా చివర ‘ఫాల్స్’ (FALSE, అంటే అచ్చంగా అదే కోడు కావాలని) లేకపోతే ఎక్సెల్ దగ్గరి విలువతో సరిపెడుతుంది. పట్టిక అక్షరక్రమంలో లేనప్పుడు ఒక షిఫ్టుకు మరో షిఫ్టు గంటలు పడొచ్చు, ఎర్రర్ కూడా కనిపించదు. కోడు పక్కన స్పేస్ పడితే ఎర్రర్ వస్తుంది. దాన్ని ఇఫ్‌ఎర్రర్‌తో (ఎర్రర్ బదులు మనం చెప్పిన విలువ చూపే IFERROR ఫంక్షన్) సున్నాగా మార్చేయడం అన్యాయం, ఆ సున్నా ఒక మనిషి రోజు కూలి! డేటా వాలిడేషన్ (గడిలో అనుమతించిన విలువలే పడనిచ్చే సదుపాయం) జాబితాలోంచి కోడు ఎంచుకునేలా చేస్తే ఈ బెడద ఉండదు.

అసలు చిక్కంతా రాత్రి షిఫ్టుతోనే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అయితే ముగింపులోంచి మొదలు తీసేస్తే మైనస్ వస్తుంది. ఎక్సెల్ వేళను రోజులో భాగంగా లెక్కిస్తుంది కాబట్టి, ఆ తేడాను 1తో భాగిస్తే మిగిలే శేషాన్ని మోడ్ (MOD) ఫంక్షన్‌తో తీసి, వచ్చినదాన్ని 24తో గుణిస్తే 8 గంటలు సరిగ్గా వస్తాయి. వేళను 22:00 అని కోలన్‌తోనే కొట్టాలి. మనకు అలవాటైన 22.00 కొడితే ఎక్సెల్‌కు అది 22 రోజులు. ముగింపు కూడా 6.00 అని ఉంటే ఆ రాత్రి పని సున్నా గంటలవుతుంది. అర్ధరాత్రి దాటాక చేసిన గంటలు ముందు రోజు ఖాతాలోకే రావాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్ స్పష్టంగా చెప్పేది. ఆ పద్ధతిలోనే ఉదయం 6 గంటల పంచ్‌ను (హాజరు యంత్రంలో నమోదైన వేళను) షిఫ్టు మొదలైన తేదీకే కట్టాలి.

వేళలు మారితే పాత వరుసను దిద్దకూడదు. దిద్దితే గత నెలల లెక్కలూ మారిపోతాయి, ఎరియర్స్ (పాత బకాయిలు) అడిగినవారికి చూపడానికి ఆధారం మిగలదు. కొత్త వరుసకు కొత్త కోడు ఇవ్వాలి. ఒకే కోడు రెండుసార్లు ఉంటే వీలుకప్ పైదాన్నే తెస్తుంది.

యాజమాన్యాలు ఈ పట్టికను ప్రింటు తీసి నోటీసు బోర్డులో పెట్టాలి. పేస్లిప్‌లో షిఫ్టు కోడ్లవారీగా రోజుల సంఖ్య చూపితే, ఎవరి గంటలు వారే లెక్క చూసుకోగలరు.

– టైమ్ ఆఫీసు ఉద్యోగులు, విశాఖపట్నం