మూగబోయిన ఎలక్ట్రిక్ పియానోకు ముందు మల్టీమీటర్ పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

పాత ఎలక్ట్రిక్ పియానో పలకకపోతే "బోర్డు పోయింది" అని తేల్చేసి, లోపలి సరుకంతా పీకి, ఆ పెట్టెలో డిజిటల్ కీబోర్డు బిగించే పద్ధతిని ఆపమని కోరడానికే ఈ లేఖ. 1970లలో వచ్చిన ఫెండర్ రోడ్స్ స్టేజ్ 73 అనే ఎలక్ట్రిక్ పియానోలో అసలు బోర్డే లేదు. కరెంటు ప్లగ్గూ లేదు. లేని బోర్డు ఎలా పోతుంది?

ఆ పియానోలో మెట్టు నొక్కితే సుత్తి వెళ్లి సన్నని ఉక్కు కడ్డీని కొడుతుంది. దాన్ని టైన్ అంటారు. టైన్ కొన ఒక పికప్ ముందు ఊగుతుంది. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట, అంతే. 73 మెట్లకు 73 పికప్‌లు, ఆ తర్వాత రెండు నాబ్‌లు (వాల్యూమ్, బేస్ బూస్ట్), ఆంప్లిఫయర్ తీగ పెట్టే జాక్ ఒకటి. కాబట్టి తప్పు ఎక్కడుందో వెతకాల్సిన చోట్లు చాలా తక్కువ.

మొత్తం పియానో పలకకపోతే మొదట నాబ్‌లున్న పట్టీని పక్కన పెట్టాలి. పికప్‌లు బిగించిన చట్రాన్ని హార్ప్ అంటారు. దాని నుంచి ఆర్‌సీఏ తీగ (పాత టీవీలకు, స్టీరియోలకు వాడే రకం ప్లగ్గున్నది) ఒకటి నాబ్‌ల దగ్గరికి వెళ్తుంది. ఆ తీగను అక్కడ ఊడదీసి నేరుగా ఆంప్లిఫయర్‌కు ఇచ్చి వాయించండి. శబ్దం శుభ్రంగా వస్తే హార్ప్ బాగున్నట్టే, తప్పు నాబ్‌లలోనో జాక్‌లోనో ఉంది. రాకపోతే హార్ప్‌ను కొలవాలి.

ఒకటి రెండు స్వరాలే పలకకపోతే ఆంప్లిఫయర్ వాల్యూమ్ తగ్గించి, చిన్న స్క్రూడ్రైవర్ కొనను ఆ పికప్ మొనకు మెల్లగా తాకించండి. స్పీకర్‌లో 'టక్' మంటే పికప్ బతికే ఉంది. అప్పుడు సోల్డరింగ్ ఐరన్‌తో పని లేదు. టైన్ విరిగిందా, పికప్‌కు దూరంగా జరిగిందా, స్వరాన్ని ఆపే మెత్త, అంటే డ్యాంపర్, అంటుకుపోయిందా చూడండి. మధ్య స్వరాలకు టైన్‌కూ పికప్‌కూ ఎడం 1.5 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటే సరిపోతుంది. టైన్ కొన పికప్ మొనకు సరిగ్గా ఎదురుగా నిలిస్తే స్వరం బోలుగా, ఒక స్థాయి పైన పలుకుతున్నట్టు వినిపిస్తుంది. కాస్త పైకి జరిపితే నిండుదనం తిరిగి వస్తుంది. దీన్ని వైరింగ్ లోపం అనుకుని తీగలన్నీ మార్చేస్తే డబ్బు దండగ, స్వరం మాత్రం అలాగే ఉంటుంది.

'టక్' వినిపించకపోతే అప్పుడు మల్టీమీటర్, అంటే తీగల నిరోధాన్ని ఓంలలో, కరెంటును వోల్టుల్లో కొలిచే మీటర్. ఇక్కడ వైరింగ్ తీరు తెలిసి ఉండాలి. పికప్‌లను మూడేసి చొప్పున సమాంతరంగా కలిపి, ఆ గుంపులను గొలుసులా ఒకదాని వెంట ఒకటి కలిపారు. 73ను మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది కాబట్టి అన్ని గుంపుల్లోనూ సరిగ్గా మూడే ఉండవు, లెక్కపెట్టి చూసుకోవాలి. ఆ కాలపు పికప్ ఒక్కోటి దాదాపు 180 ఓంలు. మూడు కలిస్తే 60. ఇలాంటి గుంపులు 24 కాబట్టి హార్ప్ మొత్తం 1,400 నుంచి 1,600 ఓంల మధ్య చూపించాలి. కొలిచే ముందు ఆర్‌సీఏ తీగ ఊడదీయడం మరవకండి. లేకపోతే వాల్యూమ్ నాబ్ కూడా లెక్కలో కలిసి మీటర్ తప్పు చెబుతుంది.

గుంపు రెండు కొసల మధ్య 60కి బదులు 90 వస్తే మూడింటిలో ఒక చుట్ట తెగింది. ఆ ఒక్క స్వరమే పోతుంది, పక్క రెండూ మామూలు కంటే కాస్త బిగ్గరగా పలుకుతాయి. చాలామంది ఆ బిగ్గర స్వరాలను తగ్గించే పనిలో పడి అసలు తప్పును వదిలేస్తారు. సున్నా వస్తే ఎక్కడో షార్ట్ అయింది, మూడు స్వరాలూ ఒకేసారి పోతాయి. మొత్తం పియానోయే మూగబోయి, హార్ప్ కొసల మధ్య మీటర్ ఏమీ చూపకపోతే గుంపుల మధ్య టంకం ఊడింది. అప్పుడు మీటర్ ఒక మొనను ఎర్త్ కొస మీద ఉంచి, రెండోదాన్ని గుంపు తర్వాత గుంపుకు జరుపుతూ పోండి. 60, 120, 180 అని పెరుగుతూ పోతుంది. ఎక్కడ ఆగిపోతే తప్పు అక్కడే. పది నిమిషాల పని.

చుట్ట తెగడం చాలాసార్లు లోపల జరగదు, సన్నతీగ బయటి కొసకు కలిసే చోట జరుగుతుంది. తెగిన కొసను సూదితో పైకి తీసి, నున్నటి ఉప్పుకాగితంతో తీగ మీది ఎనామిల్ పూత గీరి, 25 వాట్ల ఐరన్‌తో రెండు సెకన్లలో టంకం పెట్టాలి. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే పికప్ ప్లాస్టిక్ కరిగి చుట్ట జారిపోతుంది.

బేస్ బూస్ట్ నాబ్ గురించి ఒక మాట. పేరు అలా ఉన్నా అది బేస్‌ను పెంచదు, పెంచడానికి లోపల కరెంటే లేదు. ఒక కెపాసిటర్ మంద్ర స్వరాలను ఆపుతుంటుంది, ఈ నాబ్ దాని పక్కనుంచి వాటికి దారి ఇస్తుంది. అందుకే ఈ నాబ్ లోపల తెగితే పియానో అంతా పీలగా, పాత రేడియోలో విన్నట్టు పలుకుతుంది. తిప్పినప్పుడు బరబరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు వాడితే జిడ్డు మిగిలి దుమ్ము పట్టుకుంటుంది.

గుయ్‌మనే మోత విషయంలో పియానోను అనుమానించే ముందు గదిని చూడండి. ఈ పికప్‌లు చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్లను, ట్యూబ్‌లైట్ చోకులను, ఫ్యాన్ రెగ్యులేటర్లను ఇట్టే పట్టేస్తాయి. పియానోను పక్కకు తిప్పితే మోత తగ్గితే అది గది తప్పు. హార్ప్ లోహాన్ని చేత్తో తాకినప్పుడే తగ్గితే ఎర్త్ తీగ ఊడినట్టు.

వర్లిట్జర్ 200ఏ సంగతి వేరు. 1974లో వచ్చిన ఈ 64 మెట్ల పియానో కరెంటుతో నడుస్తుంది, ఇక్కడ పొరపాటు ఖరీదు ఎక్కువ. అమెరికా మోడల్ 117 వోల్టులకు చేసింది. మన గోడ ప్లగ్గులో 230. నేరుగా పెడితే ఫ్యూజు పోతుంది. ఎవరైనా అంతకుముందే పెద్ద ఫ్యూజు వేసి ఉంటే ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. విదేశాల నుంచి ఇలాంటి పియానో తెచ్చుకునేవారు రెండు చుట్టలు విడివిడిగా ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, 150 వీఏకు (వోల్ట్-ఆంపియర్లకు) తగ్గనిది తీసుకోవాలి. ప్రయాణాలకు అమ్మే చిన్న ఎలక్ట్రానిక్ కన్వర్టర్లు దీనికి పనికిరావు.

ఇందులో టైన్ ఉండదు, ఉక్కు రీడ్ ఉంటుంది. హార్మోనియం రీడ్‌ను గాలి పలికిస్తే దీన్ని సుత్తి పలికిస్తుంది. రీడ్ పక్కన ఉండే లోహపు పలక మీద దాదాపు 150 వోల్టుల డీసీ ఉంటుంది. ఆ ఇరుకు సందులో దుమ్ము పోగో టంకపు రజనో పడితే చిటపటలు మొదలవుతాయి. పూర్తిగా షార్ట్ అయితే ఆ వోల్టేజీ కుంగిపోయి 64 స్వరాలూ ఒకేసారి నీరసిస్తాయి. సరిగ్గా ఇక్కడే బాగున్న ఆంప్లిఫయర్ బోర్డును అనవసరంగా మార్చేస్తున్నారు. ముందు పలక మీద వోల్టేజీ కొలవండి. సున్నాకు దగ్గరగా ఉంటే ప్లగ్గు తీసి, ప్లగ్గు తీసినా కరెంటును నిల్వ ఉంచుకునే కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటర్‌తో రూఢి చేసుకుని, మెత్తటి సన్న బ్రష్షుతో సందులన్నీ దులపండి. వేలు పెట్టవద్దు, పలక వంగితే ఆ స్వరం మారిపోతుంది. శ్రుతి కోసం రీడ్ కొన మీది టంకాన్ని ఆకురాయితో గీరినప్పుడు రాలే రజనే ఈ షార్టులకు పెద్ద కారణం. గీరేటప్పుడు కింద తడిగుడ్డ పరిచి, రీడ్‌ను బయటికి తీసి గీరండి.

విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉంచేవారు రీడ్ మరలు ఆరు నెలలకోసారి బిగించి చూసుకోవాలి. మరకూ రీడ్‌కూ మధ్య తుప్పు చేరితే స్వరం మొద్దుబారుతుంది. మర విప్పి, తుప్పు గీరి, తిరిగి బిగిస్తే చాలు, నూనె మాత్రం రాయకండి.

ఇట్లు,
పాత వాద్యాల మరమ్మతు చేసేవారు,
విశాఖపట్నం