అటక మీది పెట్టె సంగతి

అమ్మా,

ఆదివారం ఫోన్లో మాటవరసకి అన్నావు, అటక ఖాళీ చేయిస్తున్నానని, పాత పేపర్లవాణ్ణి రమ్మన్నానని. అప్పుడు ఊఁ కొట్టి పెట్టేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆకుపచ్చ రేకుపెట్టె జోలికి వెళ్లొద్దని పొద్దున్నే మెసేజ్ పెట్టాను కదా, కారణం ఇదీ. ఫోన్లో చెప్తే సగం విని అమ్మమ్మకి ఇచ్చేస్తావు, అందుకే ఉత్తరం.

ఇక్కడి లైబ్రరీల్లో ఒక పద్ధతి ఉంది. ఊళ్లోవాళ్లంతా ఒకే నవల చదివి, తర్వాత కూర్చుని మాట్లాడుకుంటారు. 1998లో సియాటిల్‌లో మొదలై దేశమంతా పాకిందట. ఈసారి మాకు వచ్చింది జోరా నీల్ హర్‌స్టన్ అనే అమెరికా నల్లజాతి రచయిత్రి నవల, 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'. 1937లో అచ్చయింది. కాఫీ బిస్కట్ల కోసం వెళ్లి ఉంటాడులే అనుకుంటావు. మొదటి వారం అంతే.

పుస్తకం నిండా పల్లెటూరి నల్లవాళ్ల మాటలు, పలికింది పలికినట్టు రాసేసింది. కళ్లతో చదివితే ముక్క అర్థం కాలేదు. ఒక పెద్దావిడ పైకి చదివి వినిపించాక దారికొచ్చింది. ఊరొదిలి వెళ్లిన కథానాయిక జేనీ ఒంటరిగా తిరిగొస్తుంది. అరుగుల మీది జనం నోళ్లు నొక్కుకుంటుంటే, ఫీబీ అనే స్నేహితురాలు మాత్రం గిన్నెలో అన్నం పట్టుకుని దొడ్డిదారిన వస్తుంది. జేనీ అది తిని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని, తన మూడు పెళ్లిళ్ల కథా చెబుతుంది. సత్యనారాయణపురంలో మన పాతింటి అరుగు మీద ఇలాంటివి ఎన్ని విన్నానో నీకు తెలీదు, నిద్రపోయాననుకునేవాళ్లు మీరు.

జోరా పెరిగిన ఈటన్‌విల్ మా ఓర్లాండోకి ఆనుకునే ఉంది. ఒక శనివారం వెళ్లొచ్చాను. చిన్న ఊరు, ఆవిడ పేరున చిన్న మ్యూజియం. నల్లవాళ్లు తమ ఊరు తామే కట్టుకుని, తమ మేయర్ని తామే పెట్టుకున్న తొలి ఊళ్లలో ఇదొకటి. ఊరు ఏర్పడిన తేదీ ఏంటో తెలుసా? 1887, ఆగస్టు 15! జోరా వాళ్ల నాన్న కూడా మేయరుగా చేశాడు. నిజానికి ఆవిడ పుట్టింది అలబామాలో, చెప్పుకున్నది మాత్రం ఈటన్‌విల్లో పుట్టానని. ఇంతకీ 1990లో మొదలుపెట్టిన ఆవిడ పేరిటి ఉత్సవం జనవరిలో చేస్తారు, మన బెజవాడ పుస్తకాల పండగ నెలలోనే. మనకేమో నూజివీడు అనగానే రసాలే గుర్తొస్తాయి, అక్కడ పుట్టిన రచయిత్రి మాలతీ చందూర్ గుర్తురాదు.

వయసు విషయంలోనూ ఆవిడ మన మనిషే. ఉచితంగా బడిలో చేరడానికి 26 ఏళ్లప్పుడు ఏకంగా పదేళ్లు తగ్గించేసింది. సమాధి రాయి మీద కూడా ఆ తప్పుడు సంవత్సరమే, 1901. నాన్న టెన్త్ సర్టిఫికెట్ గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

నవల చివర్లో తుఫాను వస్తుందమ్మా. 1928లో నిజంగానే వచ్చింది, ఒకీచోబీ అనే సరస్సు కట్ట తెగి వేలమంది పోయారు. నవలలో తెల్లవాళ్ల శవాలకి పెట్టెలు, నల్లవాళ్లకి గొయ్యి. బస్సులో చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయాను. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన గురించి అమ్మమ్మ ఎప్పుడు చెప్పినా తాటిచెట్టు పట్టుకున్నదాకా చెప్పి, "ఇంక పడుకోరా" అనేది. తర్వాతది నాకు తెలిసింది ఆ పెట్టెలోని పద్దుల పుస్తకం వల్ల. అది డిసెంబరు నుంచి మొదలవుతుంది. మొదటి పేజీలో 'బియ్యం 10 కిలోలు, కిరసనాయిలు 1 లీటరు, దుప్పట్లు 3'. అప్పటిదాకా మీరు నలుగురు.

జోరా 1960లో బీదల ఆశ్రమంలో పోయింది. చందాలేసుకుని పాతిపెట్టారు, రాయి కూడా లేదు. 1973లో ఆలిస్ వాకర్ అనే రచయిత్రి వచ్చి, కలుపు మొక్కల్లో వెతుక్కుని, రాయి పెట్టించింది. అసలు సంగతి అదికాదు. ఆవిడ పోయాక ఇల్లు శుభ్రం చేస్తూ కాయితాలన్నీ పోగేసి మంట పెట్టారు. అటుగా వెళ్తున్న ఒక పోలీసాయన, ఆవిణ్ణి ఎరిగినవాడు, దిగి మంట ఆర్పాడు. అంచులు మాడిన ఆ కాయితాలు ఇప్పుడు ఫ్లోరిడా యూనివర్సిటీలో దాచారు.

కాబట్టి పేపర్లవాడు వస్తే ఇత్తడి, ఇనుము ఏదైనా ఇచ్చెయ్యి. స్వాతిలో వచ్చిన మాలతీ చందూర్ శీర్షిక 'పాత కెరటాలు' కత్తిరించి దాచావే, ఆ కట్టలకి పురుగు పట్టి ఉంటుంది, ఓ పూట ఎండలో పెట్టించు. పద్దుల పుస్తకం మాత్రం ఎండలో పెట్టకు, నేను చూసినప్పుడే సిరా వెలిసిపోతోంది. సంక్రాంతికి వస్తున్నాను, అప్పుడు చూసుకుంటాను. అమ్మమ్మకి ఇదంతా చదివి వినిపించు, దుప్పట్ల ముక్క వదిలేసి.

నీ చిన్నోడు